మిగిలిన అక్షరం

కవాలా రేవులో మా ఓడ ఇంజను విప్పి పరిచారు.
పందొమ్మిది రోజులు నాకు
పాత పొగాకు గోదాముల వెనక సందులో
ఎవాంథియా గారింటి మేడమీద గది.

ఆవిడకి ఎనభై ఆరు.
కిందటి ఫిబ్రవరిలో ఓ తెల్లవారుజామున
తలలో ఏదో నరం చిట్లి
మాటలన్నీ వరదకి కొట్టుకుపోయాయి.
నీళ్లు తీశాక ఒడ్డున వెతికితే
ఒక్కటే దొరికింది:
నే.

గ్రీకులో అది అవును.

చూసుకోవడానికి కొండలకవతల నుంచి,
బల్గేరియా నుంచి, స్తొయాంక వచ్చింది.
వాళ్లూళ్లో నే అంటే కాదు, వద్దు.
ఇక్కడి అర్థం తెలీక కాదు,
తెలిసింది బుర్రకే,
చెవి ఇంకా సరిహద్దు దాటలేదు.
సూప్ తాగుతావా? నే.
నోటిదాకా వెళ్లిన చెంచా
గతుక్కుమని గిన్నెలోకి వచ్చేసేది.
దుప్పటి కప్పనా? నే.
కప్పబోయి, చేతులు ఆగిపోయి,
తనమీద తనకే కోపమొచ్చి
గట్టిగా కప్పేది, మెడదాకా.

దానికి తోడు తలల గొడవొకటి.
సరేననాలంటే స్తొయాంక తల అడ్డంగా ఊపుతుంది.
నా తల ఎటూ తేల్చదని
ఓడలో అందరూ నవ్వుతారు.
ఆ ఇంట్లో మేమిద్దరం ఒక జట్టు.

మంగళవారం కూరగాయల బండితో నెదిమ్ వస్తాడు.
ఇంట్లో వాళ్లు మాట్లాడేది టర్కిష్,
అందులో నే అంటే ఏమిటి?
టమాటా కిలో రెండు యూరోలు, అంటాడు కిటికీలోంచి.
నే.
రెండమ్మా, రెండు.
నే.
సరే, ఒకటిన్నర, ఇంకేమనకు.
వాడికీ తెలుసు ఆవిడ అనేది అవుననే,
అయినా ఎవరైనా ఏమిటీ అని కళ్లలోకి చూస్తే
ఎక్కువ ధర చెప్పిన నాలుక తడబడుతుందిగా.
మాట పడిపోయాకే బేరం వచ్చిందని
వీధంతా చెప్పుకున్నారు.

ఓ ఆదివారం మేనకోడలు జినోవియా
చెప్పుల పెట్టెలో ఫోటోలు తెచ్చింది.
ఇదిగో మా అమ్మమ్మ,
సముద్రం అవతలి నుంచి మూటతో దిగింది,
చచ్చేదాకా టర్కిషే మాట్లాడింది.
అత్తకీ అంతే,
బళ్లో వేసేదాకా నోట గ్రీకు ముక్క లేదు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు.
పొయ్యిమీద సూప్ పొంగి మంట ఆరిపోయింది.
స్తొయాంక నెమ్మదిగా అడిగింది:
అయితే ఇన్నాళ్లూ,
తాగుతావా అని నేనడిగితే,
ఏమిటి, ఏమిటి అని
తనే నన్నడుగుతోందా?

ఎవాంథియా ఫోటోవైపు చూసి
నే, అంది.
ఏ నే అన్నది ఎవరు చెప్పాలి.

నేను చెప్పలేదు వాళ్లకి,
మొదటిరోజు మెట్లమీద పెట్టెతో నిలబడినప్పుడే
నాకది ఇంకోలా వినపడిందని.
మా వైపు చీకట్లో తలుపు తడితే
ఎవరదీ అంటారు లోపలివాళ్లు.
బయటి మనిషి పేరు చెప్పడు,
నే, అంటాడు, నేనే.
గొంతు చాలు, గడియ తీస్తారు.
ఇక్కడ తడుతున్నది లోపలి నుంచి.
గడియ ఎటువైపుందో
మా ముగ్గురిలో ఎవరికీ తెలీదు.

ఆ తరవాత స్తొయాంక పద్ధతి మార్చింది.
నే అన్నాక కాసేపు ఆగుతుంది.
పొగాకు ఆకులు ఏరి ఏరి
కొసలు గోధుమరంగు తిరిగిన ఆ వేళ్లు
దుప్పటి అంచుని దగ్గరికి లాగుతాయా, తోస్తాయా
చూస్తుంది.
సూప్ చల్లారిపోతుంది. మళ్లీ వేడి చేస్తుంది.

ఇరవయ్యో రోజు పొద్దున్నే ఓడ కూత వేసింది.
గుమ్మంలో ఆగి
వెళ్లొస్తానండీ, అన్నాను, నా భాషలోనే.
నే, అంది ఆవిడ.

అటూ కాకుండా ఇటూ కాకుండా
మావాళ్లు ఊపినట్టు
తల ఊపాను.