మంగళ, శుక్రవారాలు

పొద్దున ఆరున్నరకి
మస్తానమ్మ చేతికి రెండు సూదులు గుచ్చి
"పదిన్నరకి రా పెంచలయ్యా" అంటుంది షాహిదా సిస్టరు,
కుట్టుకిచ్చిన జాకెట్టు సంగతి చెప్పినట్టు.

నాలుగు గంటలు.
ఆత్మకూరు పోయి రావటానికి చాలవు,
వరండా బల్ల మీద కూర్చోటానికి ఎక్కువ.

ముప్పై ఏళ్ళు వడ్ల మిల్లులో బస్తాలు లెక్కేసినోణ్ణి.
నెల్లూరంటే నాకు మిల్లు, మార్కెట్ యార్డు, ఆఖరి బస్సు.
ఈ ఊళ్ళో ఇన్ని చెట్లున్నాయని
ఏ చిట్టాలోనూ రాసి లేదు.

కార్తీకం పోయాక మొదలుపెట్టా తిరగటం.
మాగుంట లేఅవుట్లో చిన్న పార్కు.
ఈ పాటి చలికే స్వెట్టర్లు, మంకీ క్యాపులు.
పదిమంది గుండ్రంగా నిలబడి
ఏ జోకూ లేకుండా నవ్వుతున్నారు.
గేటు పక్కన నిలబడి నేనూ ఓసారి నవ్వి చూశా,
దగ్గొచ్చింది.

దర్గామిట్ట వైపు ఇంకో పార్కు.
బల్లలు విరిగినై, ఊయల ఒకటే మిగిలింది.
ఆకాశమల్లె మాత్రం ఎవరి అనుమతీ లేకుండా
రాత్రంతా పూసి, తెల్లారేసరికి రాల్చేసింది.
"ఊడ్చబుద్ధి కాదన్నా, మేస్త్రీ ఊరుకోడు"
అంటా అంకమ్మ చీపురుకట్ట వాలుగా పట్టుకుని
చెట్టు మొదట్లో కొంచెం తెలుపు వదిలేసింది.
ఒక పువ్వు జేబులో వేసుకున్నా.
ఆస్పత్రి మెట్లెక్కేసరికి గోధుమరంగు తిరిగింది,
వాసన మాత్రం ఉండాది.

ఆ మంగళవారం నుంచి
ఫైల్లో క్రియాటినిన్ కాగితాల నడుమ
బాదం ఆకులు చేరటం మొదలైంది,
తాంబూలం నమిలిన నోరంత ఎర్రగా.
ఇప్పటికి ఏడు.
డాక్టరు ఒకటి పైకెత్తి చూసి
ఏం మాట్లాడకుండా మళ్ళీ అక్కడే పెట్టాడు.

తర్వాత వాయుగుండం పట్టింది.
మూడు రోజులు ఎడతెగని ముసురు.
పార్కులో నడిచే దారి కాలవైంది,
మంకీ క్యాపుల జాడ లేదు.
ఊయల గొలుసు మీద లకుముకి పిట్ట,
పిల్లకాయలు కూర్చునే చెక్క మీద నుంచి
చేపల్ని చూస్తా ఉంది.
చెరువుకట్ట మీదకి పోతే
అవతలి గట్టు కనపడలా.
నేలపట్టు దారి పట్టిన గూడబాతులు
వానకి తలొగ్గకుండా, తొందరపడకుండా,
మిల్లులో హమాలీల్లాగా ఒకదాని వెనక ఒకటి.

ఇవేవీ మస్తానమ్మకి చెప్పలేదు.
ఆమెకి రోజుకి ఒక్క లీటరు,
కాఫీ, మజ్జిగ, మాత్రల గుటక, అన్నీ కలిపి.
సాయంత్రానికి లెక్క అయిపోతే
ఐసుముక్కని బుగ్గన పెట్టుకుని కిటికీ వైపు తిరుగుతుంది.
అందుకని నా కబుర్లు ఆరబెట్టి తీసుకుపోయేవాణ్ణి.
వడ్లలో తేమ పదిహేడు దాటితే
లారీని వెనక్కి పంపేవాణ్ణి గదా,
అట్టాగే.
నవ్వే మనుషులు, చీపురుకట్ట, ఎండుటాకులు.
వాన మాత్రం చెప్పులతో పాటు
బయటే విడిచిపెట్టి లోపలికొచ్చేవాణ్ణి.

నిన్న శుక్రవారం.
మిషను గుండ్రంగా తిప్పుతోంది ఆమె నెత్తురుని.
నా పంచె అంచు చూసింది,
మోకాళ్ళ దాకా తడి.

"పెన్న నిండిందంట గదా. షాహిదా చెప్పింది.
నువ్వు చెప్పలేదే?"

నేను గోడ గడియారం వైపు చూశా.

"నీళ్ళు తాగొద్దన్నారు గానీ
వినొద్దన్నారా?"

అప్పుడు చెప్పా.
లకుముకి పిట్ట నీలం దగ్గర మొదలుపెట్టి,
గొలుసు నుంచి జారే చుక్కలు,
చెరువు కట్టని తట్టి తట్టి వెనక్కిపోయే చప్పుడు,
గూడబాతు సంచినోట్లో పట్టే నీళ్ళు ఎన్ని శేర్లో,
బ్యారేజీ తలుపులెత్తినప్పుడు లేచే తుంపర
రోడ్డు మీద పోయే వాళ్ళ కళ్ళజోళ్ళని తడపటం.
చూడని దాన్ని కూడా కొంచెం కలిపా.

కళ్ళు మూసుకుని వింది.
గొంతు ఒక్కసారి కదిలింది,
మింగినట్టు.
దాన్ని ఏ లెక్కలో రాయాలో
ముప్పై ఏళ్ళ చిట్టా రాసినోడికి తెలియలేదు.

మంగళవారం బ్యారేజీ దాకా పోవాలి,
చెప్పిన అబద్ధం నిజమేనేమో చూడాలి.
గొడుగు పుల్ల ఒకటి విరిగింది,
బాగు చేయించాలి.