తరుగు

ప్రొద్దుటూరులో మా నాయన అంగడి ముందర
తెల్లారకముందే దుమ్ము ఊడ్చుకపోయేది రంగమ్మ.
కాలవలో కడిగి, చాటలో తిప్పి
బంగారు రజను పట్టేది.

లంకమల కొండలో నేను చేసే పనీ అదే.
ఎర్రచందనం చెట్ల కింద రాలిన ఆకు
మూడు జల్లెళ్ళు మార్చి, గుడ్డసంచిలో మూటగట్టి
కడప కాలేజీ గదిలో గరాటులో పోసి
పైన నలభై క్యాండిల్ బల్బు వెలిగిస్తా.
వేడికి జడిసి, వెలుగుకు జడిసి
అడుగున తడి ఉంటుందని దిగుతాయి అన్నీ.
అడుగున ఉండేది సారాయి సీసా.

ఐదు దినాలకు ఇది దొరికింది.
ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే పెద్దది.
పొడవు ఒక మిల్లీమీటరు, ఇంకో పిసరు.
రంగు, నానబెట్టిన చింతగింజ పొట్టు.

తల కిందికి వంగి ఉంది,
అలిగి కాదు, ఆకుకూ ఆకుకూ నడుమ దూరడానికి.
మీసానికి పదకొండు కణుపులు,
చివరి మూడు లావెక్కి గుండ్లు గుండ్లుగా.
ఈగకు కంటిలో వేల అద్దాలు. దీనికి పక్కకు ఆరు.
ఆకు మీద ఆకు, దాని మీద ఇంకో ఆకు పడిన చీకట్లో
ఆరు ఎక్కువే అనుకుంటా.
మెడపలక మీద చుక్కగుంటలు, దూరం దూరంగా.
వెన్నుచిప్పల మీద తొమ్మిది వరసలు,
గుంటకొక వెంట్రుక.
లెక్క రెండుసార్లు తప్పినా.
కుడిచిప్ప నాలుగో వరసలో ఒక గుంట ఎక్కువుంది,
ఎడమచిప్పలో లేదు. ఎందుకో తెలీదు.

చిప్పలు రెండూ నడుమ అతుక్కుపోయినాయి.
సూదిమొనతో లేపి చూస్తే
రెక్కలు మొలవాల్సిన చోట రెండు మొటిమలు, అంతే.
ఎగరడం ఎప్పుడు మానుకుందో ఎవరు చెప్తారు?
పెన్నకు ఈ ఒడ్డున పుట్టింది
ఆ ఒడ్డును ఎరగదు.

ఆదివారం అగ్గిపెట్టెలో దూది వేసి ఇంటికి తీసుకపోయినా.
నాయన, కాళహస్తాచారి, కంటికి భూతద్దం బిగించి
ఊపిరాపి చాలాసేపు చూసినాడు.
"టంకం యాడ పెట్టినాడో, అతుకే కనపడ్ల్యా మే."
మీసం గుండ్ల దగ్గర ఇంకాస్త ఆగినాడు.
"కొత్త జాతని ఎట్ల తెలుస్తాది? మొగం జూసా?"

మొగం చూసి కాదు. కాళ్ళు చూసీ కాదు.
మగపురుగు కడుపు కొసన, వెంట్రుక మందాన,
కొడవలిలా వంగి చివర మెలి తిరిగిన నాళం ఒకటి...
చెప్పడానికి నసిగినా. పక్కనే అమ్మ రొట్టె తడుతోంది.
పొరుగు జాతి ఆడదానికి అది పట్టదు, అన్నా.
నాయన నసగలేదు.
"ముక్కుపుడక మర మాదిరన్న మాట.
ఈరమ్మ మర ఓబుళమ్మ పుడకకు ఎక్కదు,
ఒక్క చుట్టు తేడా చాలు."

రాత్రి కూర్చుని వర్ణన రాసుకున్నా.
పట్టిన చోటు: సిద్ధవటం పైన లంకమల, రాలుటాకు.
పట్టినవారు: పెంచలయ్య, నేను.
ఎలుగ్గొడ్డు తవ్విన గుంట పక్కన ఎత్తమన్నది పెంచలయ్యే,
"ఆడ నేల ఇంగా సల్లగుంటాది" అని.
పురుగు కంటే ఆ చీటీ పదింతలు పెద్దది.
కాళ్ళు: పాదానికి మూడు కణుపులు. ఎడమ నడిమి కాలు లేదు.

నాయన చదివించుకుని అక్కడ ఆపినాడు.
"లేదంటే? పుట్టుకతోనా?"
"కాదు. కుంచెతో తిప్పుతుంటే ఊడింది."
"ఎవురు తిప్పుతుంటే?"

నలభై ఏండ్లుగా ఆయన చిట్టాలో
ప్రతి నగ కిందా అదే వరస:
కరిగించిందెంత, తేలిందెంత, తరుగెంత.
తరుగు లేని నగ లేదు,
రాయని తరుగే దొంగతనం అంటాడు.

కాలు గాజుపలక మీదే ఎక్కడో ఉండాలి.
వెతికినా. దుమ్ముపోగుకూ దానికీ తేడా తెలియలేదు.
రంగమ్మకైతే దొరికేదేమో.
'లేదు' కొట్టేసి
'నా చేతిలో విరిగింది' అని రాసినా.
అచ్చేసేవాళ్ళు ఆ మాట తీసేస్తారు, తెలుసు.

జాతి పేరు రాసే చోటు
ఇంకా ఖాళీగానే ఉంది.