పక్క తీగలో మాట

లూర్దెస్ క్వరేజ్మాకి రాగి అంటే
లోహం కాదు, ఇరుగుపొరుగు.
రెండు తీగలు పక్కపక్కన పడుకుంటే
ఒకదాని మాట ఇంకొకదాని చెవిన పడుతుందని,
పడకూడదని,
పదకొండేళ్లు లెక్కలు కట్టింది
అవేరో ల్యాబులో, ఉప్పుమడుల వైపు కిటికీ దగ్గర.

నేనక్కడ టెక్నీషియన్ని.
బోర్డు మీద ఆవిడ రాసేది పూర్తిగా ఎప్పుడూ అర్థం కాలేదు.
అర్థమైనంత మటుకు ఇది:
పొరుగుతీగ గోలని ముందే ఊహించి
సరిగ్గా దాని తలకిందుల గోలని ఎదురు పంపితే
రెండూ కొట్టుకు చస్తాయి, మన మాట మిగుల్తుంది.
"చెల్లుకు చెల్లన్నమాట" అన్నాను.
నవ్వలేదు. "అంతే" అంది.
నోట్‌బుక్కులో రాసుకుంది కూడా.

ఆ లెక్క తేలిన ఏడాదే
కంపెనీ రాగిని వదిలేసింది.
గాజు వచ్చింది. వెంట్రుకంత గాజు, లోపల వెలుగు.
పక్క వెలుగు ఊసు దానికి పట్టదు.
మేం పరీక్షలు చేసిన వీధిలో తీగలన్నీ తవ్వి తీసి
కిలోల లెక్కన అమ్మారు.
లూర్దెస్ పాతసామాన్ల కొట్టుకి వెళ్లి, వరసలో నిలబడి,
ఒక్క మీటరు కొనుక్కుంది.
రసీదు అడిగింది.

యాభై ఒకటో ఏట గాజు పని నేర్చుకుంది,
నా దగ్గర.
తొక్క తీయడం, తుడవడం, కోయడం,
రెండు కొసల్ని ఎదురెదురు పెట్టి చిన్న మెరుపుతో అతకడం.
ముక్క వేల్లో దిగిందా, కంటికి ఆనదు,
వారం రోజులు సలుపుతుంది.
అతుకు దగ్గర నష్టం సున్నా పాయింట్ సున్నా అయిదు డెసిబెల్ వస్తే
చాలంటాన్నేను.
ఆవిడ మళ్లీ కోసేది.

తర్వాత దీవులు.
సముద్రం అడుగు నించి కేబులు
నల్లరాతి గట్టెక్కి వచ్చింది.
అక్కణ్ణించి ఇంటింటికీ మేం.
గాలి, ఆవులు, హైడ్రాంజియా కంచెలు, మళ్లీ గాలి.
మూడువందల పన్నెండు ఇళ్లు.
ఇంత పరిశోధన చేసిన మనిషి
ప్రతి గుమ్మంలోనూ బూట్లు విప్పి
వెలుగు కొలిచింది.

చివరి ఇల్లు ఎతెల్వీనాది.
బిగించిన నెలకి ఫిర్యాదు: ఫోను చెడిపోయింది.
మీటరు పెట్టాం. వెలుగు బాగుంది. మాట బాగుంది.
"ఏం వినపడ్డం లేదమ్మా?" అన్నాను.
"ఇదాలీనా" అంది ముసలావిడ.

ఇదాలీనాది మూడిళ్ల అవతల.
మేక విషయంలో తేడా వచ్చి ఇరవై ఆరేళ్లుగా మాటల్లేవు.
కానీ పాత తీగలో, రిసీవరెత్తి ఊరుకుంటే,
బావిలోంచి వచ్చినట్టు ఇదాలీనా.
రొట్టెలు పంపమనడం, తమ్ముణ్ణి తిట్టడం,
మందుల పేర్లు డాక్టరుకి తప్పుగా చదవడం.
"మొన్న చలికాలం దగ్గు ముదిరింది దానికి.
కుర్రాడి చేత తేనె పంపించా, నా పేరు చెప్పొద్దన్నా.
ఇప్పుడు మీ తీగలో ఎవరూ లేరు."

లూర్దెస్ కుర్చీ లాక్కుని కూర్చుంది.
ఫారం తీసింది. లోపం అని రాసివున్న గడి దగ్గర
కలం ఆపి నా వంక చూసింది.
నేను బిగిసే ఉన్న స్క్రూని ఇంకా బిగించాను.

తిరుగుదారిలో ఇదాలీనా గుమ్మం ముందు
వ్యాను ఆపమంది.
అక్కణ్ణించి ఫిర్యాదేం లేదు.
నలభై నిమిషాలు ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నా.

వచ్చేటప్పుడు చేతిలో సీసా.
ఖాళీది, కడిగి ఆరబెట్టినది.
"ఎతెల్వీనాదట. ఇచ్చేయమంది.
ఎవరిదో మొదట్నించీ తెలుసట."

అప్పుడు గుర్తొచ్చింది:
బోర్డు మీద రెండు తీగల మధ్య
ఆవిడ గీసే బాణానికి
ఎప్పుడూ రెండు పక్కలా మొన ఉండేది.

ఆ సందులో వ్యాను తిప్పడానికి చోటు లేదు.
మూడిళ్ల దూరం
వెనక్కే నడిపాను.