మూడో తిత్తి

కోపెన్‌హాగన్. యాభై రెండో సంవత్సరం, సెప్టెంబరు.
పళ్ళ వైద్యంలో నాది రెండో ఏడు.
నోటి దగ్గర ఆగిపోయే చదువు.
గొంతు దాటాక ఏముందో
పరీక్షకి సరిపడా తెలుసు, అంతే.

నర్సు హెల్లె నా చేతిలో రబ్బరు సంచి పెట్టి
"పిండు" అంది.
"ఎంతసేపు?"
"ఇంకొకరొచ్చి అందుకునేదాకా."

మంచం మీద తూరా. పదకొండేళ్ళు.
పోలియో కాళ్ళలోంచి ఎక్కి, చేతుల పని ముగించి,
పక్కటెముకల దగ్గర మజిలీ చేసింది.
గొంతుగుంటలో చిన్న కిటికీ కోసి గొట్టం దించారు.
గొట్టం చివర సంచి. సంచి చివర నేను.

ఊపిరితిత్తులు పీల్చుతాయనుకునేవాణ్ణి.
పీల్చవు. ఒట్టి బద్ధకపు కవలలవి.
వాటి కింద గొడుగులా వంగిన కండ
దిగువకి జారుతుంది,
ఎముకల గూడు పైకీ పక్కకీ లేస్తుంది,
లోపల చోటు పెరుగుతుంది.
ఖాళీ కనిపిస్తే ఆగలేని గాలి
పిలవకుండానే వచ్చేస్తుంది.
పీల్చడమంటే చోటివ్వడం.

తూరా గొడుగుకి కబురు మోసే తీగ కాలిపోయింది.
చోటివ్వలేని ఇంట్లోకి
గాలిని నేనే తోసుకెళ్ళాలి,
అప్పులవాడిలా కాదు, చుట్టంలా.
ఎక్కువ తోస్తే పొర చిరుగుతుంది,
తక్కువైతే పెదాలు నల్లబడతాయి.

ఊపిరితిత్తి అనే మాటలోనే ఉంది
కొలిమి దగ్గరి తిత్తి.
తూరాకి రెండు లోపల.
మూడోది నా గుప్పిట్లో.

పిండు. వదులు.
లోపలికి పోవడానికి నా చెయ్యి కావాలి.
బయటికి రావడానికి ఎవరూ అక్కర్లేదు,
సాగిన తిత్తి దానంతటదే ముడుచుకుంటుంది.
రాత్రి రెండింటికి ఆ సంగతి తట్టి
ఎందుకో ఏడుపొచ్చింది.

గాలి ప్రయాణం చివర బుడగంత గదులు.
గోడకి ఇటు గాలి, అటు నెత్తురు.
తలుపు లేదు, తట్టడం లేదు.
ఎర్రకణాలు ఒక్కొక్కటే ఒరుసుకుంటూ వచ్చి
తాజాది ఎత్తుకుని, వాడింది దించి పోతాయి,
షిఫ్టు మారేటప్పుడు మాలాగే,
మొహాలు చూసుకోకుండా.

నాలుగో రోజు అలసి, చెయ్యి నెమ్మదించింది.
తూరా బుగ్గలు గులాబీ రంగుకి తిరిగాయి,
నుదుటి మీద చెమట మెరిసింది.
కోలుకుంటోందని మురిసిపోయాను.
హెల్లె పరుగెత్తుకొచ్చి నా గుప్పిటని తన గుప్పిట్లో బిగించింది:
"అది ఆరోగ్యం కాదు. బయటికి పోని పొగ."

ఊపిరి బిగబట్టి చూడండి.
ఛాతీలో తన్నేది ఆకలి కాదు,
ఊడ్చిపారెయ్యని చెత్త.
మెదడు తొడిమ దగ్గరి కాపలాదారు
లెక్కపెట్టేది ముఖ్యంగా దాన్నే.

పక్క మంచం దగ్గర ఓ కుర్రాడు
తెల్లారేదాకా పిండుతూనే ఉన్నాడు.
ఇక పిండనక్కర్లేదని
అతనికి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.
ఆ తరవాత అందరం వరండాలో సిగరెట్లు కాల్చాం.
నవ్వకండి.

తూరా మాట్లాడలేదు. మాటకి కావాల్సిన గాలి
గొంతు చేరకముందే గొట్టంలోంచి జారిపోతుంది.
కళ్ళు పైకెత్తితే ఇంకొంచెం, దించితే చాలు.
నా సంచీలో ఉన్నది సైకిళ్ళ కేటలాగు ఒక్కటే.
ఒక చేత్తో పిండుతూ, ఒక చేత్తో పేజీలు తిప్పుతూ
ధరలు చదివాను.
ఆకుపచ్చ సైకిలు దగ్గర కళ్ళు కదల్లేదు.
గాలి పంపు బొమ్మ రాగానే
నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి
నవ్వింది, చప్పుడు లేకుండా.

ట్రాములో ఇంటికెళ్తూ
కోటు అంచుని పిండేవాణ్ణి. నిద్రలో దిండుని.
నా ఛాతీ కూడా ఆమె లెక్కనే పట్టుకుంది.

నవంబరులో ఓ తెల్లవారుజాము.
నేను పిండలేదు.
సంచి కొంచెం సొట్టపడింది.
వేళ్ళు వదులు చేశాను.
మళ్ళీ.
అవతలినుంచి ఎవరో
సన్నగా, మొండిగా, లాక్కుంటున్నారు.

షిఫ్టుకొచ్చిన ప్రేబెన్ చెయ్యి చాపాడు.
"ఒక్క నిమిషం" అన్నాను, సంచి ఇవ్వకుండా,
నా ఊపిరి ఎక్కడో మధ్యలో మరిచిపోయి.