ఏ తాయారు?

పురసవాక్కం ఎక్స్‌ఛేంజీలో
పదకొండో నంబరు బోర్డు నాది.
నెత్తిన ఇనప కమ్మీ, కళ్లెదుట ఎర్ర దీపాలు,
చేతినిండా తీగలు.
"తాయారమ్మగారు కావాలి" అనేవాళ్లు,
చెన్నపట్నం మొత్తానికీ ఒక్కతే తాయారున్నట్టు.
"ఏ తాయారు?" అనేదాన్ని.

కీల్పాక్కంలో ఒకావిడ, కళ్ల డాక్టరు.
హలో అన్నా సరే
"కాస్త పైకి చూడండి" అన్నట్టే ఉండేది.
నేను నిజంగానే పైకి చూసేదాన్ని,
పంఖా తిరుగుతుండేది.

కోడంబాక్కం తాయారుకు సొంత ఫోను లేదు,
మెట్ల కింద ఇడ్లీ కొట్టు నంబరు.
హీరోయిన్లు మేడ మీంచి దూకాల్సొస్తే
వాళ్ల చీర కట్టుకుని ఈమె దూకేది.
మొహం కనబడకూడదు, అదొక్కటే షరతు.
ఒకసారి లైను ఖాళీగా ఉంటే అడిగాను,
పేరెప్పుడైనా వేశారా అని.
"వేశారు,
మోచెయ్యి విరిగినప్పుడు, ఆస్పత్రి చీటీ మీద."
ఆ నవ్వుకి పక్క బోర్డు పిల్ల కూడా ఇటు తిరిగింది.

కాశిమేడులో చేపలు వేలం పాడే తాయారుకు
ఐసు ఫ్యాక్టరీ ద్వారా కలిపేదాన్ని.
ఆమెకు ఫోనెందుకో!
ఒడ్డున నిలబడి వంజరం ధర అరిస్తే
ఎన్నూరులో బేరం తెగేది.

మాంబళంలో పెద్దావిడ. లెక్కలు.
నెలకోసారి జర్మనీ నుంచి ట్రంకాలు,
మూడు నిమిషాలూ అంకెలే.
ఏమిటండీ అవి, అని నోరు జారాను.
కోప్పడలేదు.
"ఒకటీ, తనూ తప్ప
ఇంకెవరూ భాగించలేని సంఖ్యలమ్మా.
ఎక్కడెక్కడున్నాయో వెతుకుతున్నా" అంది.
ఆవిడ ఇంట్లో ఇంకో గొంతు
ఎన్నడూ వినలేదు నేను.

ఈ ఊళ్లో ఇంటిపేరెవరూ అడగరు.
పెళ్లికి ముందు నాన్న అక్షరం,
తర్వాత మొగుడి అక్షరం,
ఆ చుక్క దాటాక మొదలయ్యేదే మనం.
ఆ మొదలయ్యేదాన్నీ
ఇంతమంది పంచుకుంటిమి.

ఐప్పసి ముసురులో ఒక పొద్దున
పేపర్లో మూడు లైన్లు:
ప్రముఖురాలు తాయారమ్మ కన్నుమూత.
దేనిలో ప్రముఖురాలో రాయడం మరిచాడు మహానుభావుడు.
బోర్డంతా ఎరుపెక్కింది.
ఎవరికి కలపను? అందరికీ కలిపాను.

డాక్టరు "ఇంకా లేదమ్మా" అంది.
కాశిమేడు తాయారు తిట్టిన తిట్టు
నా ఉద్యోగ మర్యాద రాయనివ్వదు.
ఇడ్లీ కొట్టుకి తడుస్తూ వచ్చిన తాయారు
"ఈసారీ ఇంకొకరి బదులు నేనేనా?" అంది.
మాంబళంలో మోగింది.
మోగింది.
మోగుతూనే ఉంది.

సాయంత్రం కణ్ణమ్మపేట శ్మశానంలో
గొడుగుల కింద మొట్టమొదటిసారి
గొంతులకు మొహాలు తగిలించుకున్నాను.
డాక్టరు అంత పొట్టిదనుకోలేదు.
"ఆడవాళ్లు రాకూడదు" అన్నాడు పురోహితుడు.
కోడంబాక్కం తాయారు అతని వైపు చూసింది, అంతే.
ఐసు పెట్టెలో తెచ్చిన మల్లెలు
చేపల వాసన వేస్తున్నాయి,
ఎవరూ పట్టించుకోలేదు.

గుమాస్తా రిజిస్టరు తెరిచి, తలెత్తకుండా
"పేరు?" అన్నాడు.
"తాయారు."
నలుగురం ఒక్కసారే అన్నాం.
నాలుగో గొంతు నాది.
"పోయినావిడ పేరమ్మా!"
"అదే."
"ఇనీషియల్?"
మొహమొహాలు చూసుకున్నాం.
ఖాళీ వదిలి, చుక్క మాత్రం పెట్టాడు.

మూడో వారం రాత్రి డ్యూటీలో
జర్మనీ ట్రంకాలు.
గరగరల మధ్య ఒక ముసలి గొంతు
పేరుని రెండు ముక్కలు చేసి పలికింది:
తాయా... రూ?

ఏ తాయారు అనబోయాను.
నాకు ఎక్కాలే పన్నెండు దాటి రావు.
మూడు నిమిషాలున్నాయి.
"చెప్పండి" అన్నాను.