అరచేతి లెక్క

చెయ్యేరు అవతల, ఉప్పుగాలికి తుప్పెక్కిన రేకుల షెడ్డులో
రాత్రి పన్నెండు దాటితే నాకు రెండు కాపలాలు:
గట్టు కింద నాలుగెకరాల రొయ్య,
ఒళ్ళో, పదిహేడోసారి లేవబోతున్న రాకెట్టు.

పదహారూ పేలిపోయాయి.
రెండు నేల మీదే. మిగతావి
మబ్బు దాటాక, నల్లటి చోటు కనపడుతూండగా
ఇంజను పక్కన ఎర్రగీత నిండిపోయి
కొబ్బరిమట్ట రాలినంత చప్పుడుతో.
స్పీకరు పాడైంది, లేకపోతే ఇంకా పెద్దదేమో.

తప్పు నాదే. ఐదు ఇంజన్లని
గంప కింద కోడిపిల్లల్లా ఒకే తొట్టె కింద కుక్కాను.
ఒకదాని వేడి ఇంకోదానికి పాకింది.
వేడి లాగే రెక్కలు బరువని పీకేశాను.
పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది కదా అనుకున్నాను.
పైన చలి ఉంది గాని గాలి లేదు,
గాలి లేనిచోట వేడికి బయటికి దారి తెలీదు.

ఒకటిన్నరకి కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఆరూ ఒక్కసారే నోరు మూశాయి.
ఆ నిశ్శబ్దం చెరువు వేసినవాడికే తెలుస్తుంది:
ఇంకాసేపటికి రొయ్య పైకి తేలి మూతి పెడుతుంది,
ఆ తర్వాత తేలేది బ్యాంకు అప్పు.
జనరేటరు తిప్పాను. ఆరూ వేసేశాను.
పది నిమిషాలకి ముల్లు ఎరుపులో.

పక్క చెరువు నుంచి ఏలియా మేస్త్రి వచ్చాడు,
లుంగీ ఎగ్గట్టి, పళ్ళ మధ్య టార్చి కరిచిపెట్టి.
మీటరు వంక చూడనే లేదు.
ఇంజను హెడ్డు మీద అరచెయ్యి ఆనించాడు.
ఒకటి, రెండు, లాగేశాడు.
"మూడు దాకా ఉంచగలిగితే నడుస్తాది.
రెండుకే లాగేశానంటే అది ఏడుస్తున్నట్టు.
రెండు చక్రాలు ఆపెయ్."

"ఏ రెండు, మేస్త్రీ?"
"ఆయ్, అది నువ్వు చెప్పాల."

ఏ మూల రొయ్యకి ఊపిరి తగ్గించాలో
నేను చెప్పాలి.
తూము దగ్గరవి రెండూ ఆపాను.
అక్కడ కొత్తనీరు, ఓర్చుకుంటాయి అనుకున్నాను.
ముల్లు ఒక గీత దిగి
దిగనా వద్దా అని ఆగి
ఇంకో గీత దిగింది.

డీజిలు డబ్బాకి దూరంగా పోయి బీడీ ముట్టించాడు.
"ధవళేశ్వరం పైన గోదారి ఎంత జోరు!
ఆ జోరుతోనే ఇక్కడిదాకా వచ్చుంటే
మనకి సముద్రమే మిగిలేది.
ఇక్కడికొచ్చి నెమ్మదించి, మోసుకొచ్చిన మన్ను దింపింది గనక
నువ్వు కూర్చోడానికి గట్టుంది."
ఇంజను గురించి అడిగితే
ఎప్పుడూ ఏటి గురించే చెబుతాడు.

మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను.
థ్రస్టు హద్దుని నూటి నుంచి అరవై నాలుక్కి లాగాను.
నిండు చూలాలు మెట్లెక్కినట్టు లేచింది.
ఇంత మెల్లగా పోతే ఇంధనం దండగ, తెలుసు.
ఆలస్యమైన ప్రతి క్షణానికీ
నేల తన వడ్డీ తాను లాక్కుంటుంది.
ఎర్రగీత ముప్పావు దగ్గర వణుకుతోంది,
తొట్టె అడుగంటుతోంది,
రెండిటినీ చూడ్డానికి రెండు కళ్ళు చాలవు.

మేస్త్రి భుజం మీంచి వంగాడు.
"ఏటది, మోటారా?"
"రాకెట్టు."
"నీళ్ళు ఏ పక్కనుంచి పోస్తారు?"
"పొయ్యరు."
"మరి పాపం," అన్నాడు.

నేల వంపు తిరిగి నీలంగా కనపడింది.
కక్ష్య చుట్టుకోవడానికి ఇంకా పన్నెండు సెకన్లు.
తెర ఆరిపోయింది.
ల్యాప్‌టాప్ కింద పరిచిన తడితువ్వాలు
ఎప్పుడు పొడిబారిందో చూసుకోలేదు.

అది పైన నిలిచిందో, రాలిందో
చెప్పేవాళ్ళు లేరు.
చీకట్లో నాలుగు చక్రాలు నీటిని కొడుతున్నాయి.
ఏలియా మేస్త్రి చెయ్యి చాచి
దాని వీపు మీద అరచెయ్యి ఆనించాడు.
ఒకటి అన్నాడు.
రెండు అనలేదు.