లాకు

రాత్రి రెండూ పది. కర్నూలు పెద్దాసుపత్రి.
ఆటో డ్రైవరు భుజమ్మీద ఒరిగి వచ్చాడు.
బొడ్డు కింద చర్మంలోంచి
బోర్లించిన చెంబు ఒకటి తేలి కనిపిస్తోంది.
వేలితో తట్టాను. మోగలేదు.
నిండు కుండ మోగదు కదా.

"పేరు?"
"మౌలాలి. కేసీ కాలవ లస్కర్ని. రిటైరై తొమ్మిదేండ్లు."
"ఎప్పట్నించి?"
"నిన్న మగ్రీబు కాణ్ణుంచి.
వస్తాదనిపిస్తాది. రాదు."

కేస్ షీటులో రాశాను: అక్యూట్ యూరినరీ రిటెన్షన్.
ఆయన అన్నాడు: "లాకు పట్టేసిందమ్మా."

పద్నాలుగో నంబరు ఫోలీ కాథెటర్, కొంచెం జెల్లీ.
ఆయన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకున్నాడు.
మూడే ఉన్నాయి, చాలాసేపు లెక్కపెట్టాడు.
"నా మనవరాలి ఈడుదానివి" అన్నాడు ఫ్యానుతోనే.

మొదట ఏమీ లేదు.
తర్వాత నా వేళ్ళ మధ్య గొట్టం గోరువెచ్చనైంది.
ఆయన తల తిప్పి సంచి మీద గీతలు చదవడం మొదలుపెట్టాడు.
మూడొందలు. ఆరొందలు.
తొమ్మిదొందల యాభై.
అప్పుడా ముఖంలోకి వచ్చినదానికి
ఏ పుస్తకంలోనూ పేరు చదవలేదు నేను.

"ఈ నీళ్ళు యాడ పుడతాయమ్మా?"

బ్లడ్ బ్యాంకు ఫారం తిరగేసి రెండు చిక్కుడు గింజలు గీశాను.
వృక్కాలు. ఒక్కోదాంట్లో పది లక్షల నెఫ్రాన్లు.
ఇది గుచ్ఛం, సన్న రక్తనాళాల ఉండ. దాన్ని పట్టుకున్న దోసిలి, బౌమన్ గుళిక.
ఇది హెన్లీ శిక్యం.
శిక్యమంటే ఉట్టి అని ఆళ్ళగడ్డ బళ్ళో మా సైన్సు సారు చెప్పాడు,
డాక్టరు చదువంతా అయ్యాక కూడా నాకది ఉట్టిలాగే వేలాడుతుంది.

"రోజుకి నూట ఎనభై లీటర్లు వడగడతాయి. బయటికొచ్చేది లీటరున్నర."
"మిగిలింది?"
"మళ్ళీ రక్తంలోకే."

చాలాసేపు మాట్లాడలేదు.
"సుంకేసుల కాడ ఇడిస్తే
కడప చేరేలోపల ఎంత ఇంకిపోతాదో లెక్కే ల్యా.
ఒగ సుక్క ఎనక్కి రాదు.
ఇది కట్టినోడు ఇంజనీరు."

యురేటర్లు గీశాను. "ఇవి వాలు మీద పారే కాలవలు కావు,
పిండుకుంటూ తోస్తాయి. మీరు నిద్రపోయినా పని ఆగదు."
"నేను నిద్రపోతే దొంగతూములు తెరిసేటోళ్ళు" అని నవ్వాడు,
నవ్వితే గొట్టం లాగి, మానుకున్నాడు.

మూత్రాశయం. దాని మెడ చుట్టూ ప్రోస్టేట్,
రేగ్గాయంత ఉండాల్సింది నారింజంత అయింది.

పెన్ను లాక్కున్నాడు.
నా మూత్రాశయం పక్కన నిలువుగా ఒక బద్ద, దాని మీద గీతలు.
"గేజీ ల్యాకుండా గీస్తే ఎట్లమ్మా?"
"ఉంది, గోడలోనే. సాగితే వెన్నుపాముకి కబురు,
అక్కణ్ణుంచి మెదడుకి.
మెదడు చెప్తుంది, ఇప్పుడు కాదు, అని."

ఇప్పుడు కాదు.
నిన్న పొద్దున ఎనిమిది నుంచి నా మెదడు చెప్తున్నది అదే.
డ్యూటీ రూము బాత్రూముకి గడియ లేదు, కొళాయికి నీళ్ళు లేవు,
ఆడ హౌస్ సర్జన్ల దానికి తాళం.
షిఫ్టుకి రెండు గుక్కలే తాగడం నేర్చుకున్నాం మేమంతా.
ఆ కండరం పేరు బాహ్య అవరోధిని.
వైవాలో చెప్పి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

"వచ్చినప్పట్నుంచి సూస్తాండా," అన్నాడు మౌలాలి,
"కాలు మింద కాలేసుకోని బొమ్మ గీస్తాండావు.
నీ గేజీ ఎంతుండాదమ్మా?"

తాళంచెవి మూడో అంతస్తులో, మార్తా సిస్టరు చేతిసంచిలో దొరికింది.

తిరిగొచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.
ఫారం వెనక, నా బొమ్మ కింద,
ముప్పై ఏళ్ళు లాగుబుక్కు రాసిన దస్తూరీలో:

మూడు గంటల నలభై.
నూట యాభై. తేట నీళ్ళు.
ఇట్లు, లస్కరు మౌలాలి.